దేవుడికీ మందుబిళ్ళకీ పోటీ ఏమిటి?

ఈ వార్త మీరూ చదివే ఉంటారు. పేరు మారుతుంది, ఊరు మారుతుంది, తక్కినదంతా ఒక్కలాగే ఉంటుంది. మధ్యాహ్నం పన్నెండు దాటిన వేళ. మగవాళ్ళు ఆఫీసులకీ, పిల్లలు బడికీ వెళ్ళారు. కాషాయం కట్టి, విభూతి రాసుకున్న ఒక పెద్దమనిషి గుమ్మంలో నిలబడి, "తల్లీ, నీ ఇంటికి దోషం ఉంది. నా కంటికి కనబడుతోంది" అన్నాడట. ఇల్లాలు చెంబెడు మంచినీళ్ళిచ్చి, చాప వేసి కూర్చోబెట్టిందట. సాయంత్రం ఆయనగారు ఇంటికి వచ్చేసరికి మెళ్ళో గొలుసు లేదు, చేతులకి గాజులు లేవు, స్వామి అంతకన్నా లేడు.

వార్త చదివిన మగమహారాజులు పేపరు మడిచి, "అందుకే చెబుతాం. ఈ ఆడవాళ్ళ భక్తే వాళ్ళ కొంపలు ముంచుతుంది" అని ఒక తీర్పు చెప్పేస్తారు. మనమూ నిజమే కాబోలనుకుని తల వంచుకుంటాం.

నేను మాత్రం తల వంచుకోదలచలేదు. గుప్తనిధులున్నాయని పాత గుళ్ళ గోడలు తవ్వించేది ఎవరు? బియ్యపు గింజల్ని లాగే రాగిచెంబు దొరికితే కోట్లు వస్తాయని, ఉన్న పొలం అమ్మి దళారుల చేతిలో పోసేది ఎవరు? ఆ జాబితాలో మగవాళ్ళే ఎక్కువగా కనబడతారు. అక్కడ ముంచింది భక్తి కాదు, ఆశ. సరే, ఎవరు ఎక్కువ మోసపోతారన్న పందెం మనకెందుకు? నేను చెప్పదలచుకున్నది వేరు. మోసానికి లొంగేది భక్తి కాదు, భయం. అసలైన భక్తురాలిని మోసం చేయడం చాలా కష్టం. తాను మోసపోకపోవడమే కాదు, ఆమె తన మాటతో పదిమందిని కాపాడగలదు కూడా. ఇది నా ఊహ కాదు. మన నేల మీద జరిగిన సంగతులే చెబుతాను, వినండి.

తరిగొండ వెంగమాంబ పేరు వినని తెలుగిల్లు ఉండదు. మదనపల్లె ప్రాంతంలోని తరిగొండలో 18వ శతాబ్దంలో పుట్టిన పిల్ల. ఊళ్ళోని నరసింహస్వామి గుడే ఆమెకు ఆటస్థలం. చిన్నప్పుడే పెళ్ళి చేశారు, చిన్నప్పుడే భర్త పోయాడు. ఆనాటి ఆచారం ప్రకారం తల తీయించుకుని, బొట్టు తుడుచుకుని, మూల కూర్చోవాలి. ఆ పిల్ల ససేమిరా అంది. తన భర్త ఆ శ్రీహరే, ఆయన ఉండగా తనకు వైధవ్యం ఏమిటని అడిగిందని చెప్పుకుంటారు. ఊరి పెద్దలు మండిపడ్డారు, శాస్త్రం అన్నారు, వెలి అన్నారు. ఆమె లొంగలేదు. చివరికి తిరుమల కొండ చేరి, అక్కడే ఉండిపోయి, 'వేంకటాచల మాహాత్మ్యం' మొదలైన కావ్యాలు రచించింది. నృసింహ జయంతి రోజుల్లో కొండకు వచ్చే యాత్రికులకు అన్నం పెట్టించింది, చలివేంద్రాలు పెట్టించింది. 1817లో ఆమె కాలం చేసింది. నేటికీ రాత్రి ఏకాంతసేవలో స్వామికి ఆమె పేరిట ముత్యాలహారతి ఇస్తారు. కొండ మీద వేలాదిమంది పంక్తిలో కూర్చుని భోంచేసే అన్నప్రసాద భవనానికి ఆమె పేరే ఉంది.

ఇందులో మనం చూడవలసినది ఒకటుంది. దేవుడి పేరు చెప్పి తనను మూల కూర్చోబెట్టబోయిన వాళ్ళను ఆమె దేవుణ్ణి కాదని ఎదిరించలేదు. అదే దేవుడి పక్షాన నిలబడి ఎదిరించింది. "నా స్వామి ఇలా అనడు" అని తేల్చి చెప్పింది. తన దేవుడు ఎలాంటివాడో గట్టిగా తెలిసిన మనిషిని, ఆయన పేరు చెప్పి ఎవరు బెదిరించగలరు?

ఇక కోనసీమకు రండి. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు. 1841లో పుట్టి 1909లో పోయారు. గోదావరి పాయల మధ్య లంక ఊరు. పడవ దాటి వచ్చే బాటసారికి వేళకు అన్నం దొరకని చోటు. ఆ ఇంట్లో వేళ అనేది లేకుండా పొయ్యి వెలిగింది. వచ్చినవాడి కులం ఏమిటని అడగలేదు, ఏ పని మీద వచ్చావని అడగలేదు, అర్ధరాత్రి తలుపు తట్టినా విసుక్కోలేదు. ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేకానికి ఆమెను పిలిపిస్తే, నేను వెళితే ఇక్కడ అన్నం ఎవరు పెడతారని కదలలేదని మా పెద్దవాళ్ళు కథగా చెప్పేవారు. గన్నవరం దగ్గర వైనతేయ పాయ మీద కట్టిన కొత్త అక్విడక్టుకు ఆమె పేరు పెట్టారు. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి కూడా ఆమె పేరే పెట్టింది.

సీతమ్మగారు మంత్రం చెప్పలేదు, తాయెత్తు కట్టలేదు, సోదె చెప్పలేదు. ఆకలితో వచ్చినవాడికి అన్నం పెట్టారు. నిజమైన భక్తికి ఇదొక గుర్తు అనుకోండి. అది ఇస్తుంది. దొంగభక్తి అడుగుతుంది.

భక్తి ఒక్క మతం సొత్తు కాదు గనక మూడో మనిషి సంగతి కూడా చెబుతాను. గుంటూరువాళ్ళకు కుగ్లర్ ఆస్పత్రి తెలియనిది కాదు. ఆనా సారా కుగ్లర్ అనే అమెరికా డాక్టరమ్మ 1883లో గుంటూరు వచ్చింది. ఆమె క్రైస్తవ మిషను మనిషి. ఘోషాలో ఉండే స్త్రీలకు నాలుగక్షరాలు చెప్పే పని మీద పంపారు. వచ్చి చూస్తే, ఇక్కడ కాన్పుల్లో తల్లులు రాలిపోతున్నారు, మగ డాక్టరును గడప తొక్కనివ్వరు. తాను చదివిన వైద్యాన్ని పక్కన పెట్టి పాఠాలు చెప్పడానికి ఆమె మనసొప్పలేదు. మందులపెట్టె తీసింది. 1898 నాటికి స్త్రీలకూ పిల్లలకూ ఆస్పత్రి నిలబెట్టింది. 1930లో ఆ గుంటూరులోనే కన్నుమూసింది. ఆమెకు ప్రార్థన మీద నమ్మకం లేకనా? ఉంది. కాని ప్రార్థన చేస్తున్నాను గదా అని కత్తెరను మరిగే నీళ్ళలో వేయడం మానలేదు. ప్రార్థన ప్రార్థనే, వైద్యం వైద్యమే. రెండూ ఒక చేత్తోనే చేసింది.

చరిత్రలో మనుషుల సంగతి అలా ఉంచి, మా వీధి సంగతి ఒకటి చెబుతాను. పేర్లు చెప్పను. చెబితే వాళ్ళు బాధపడతారు.

మా వీధిలో అందరూ "మామ్మగారు" అని పిలిచే పెద్దావిడ ఒకరు ఉండేవారు. తెల్లవారుజామున నాలుగింటికి స్నానం, తులసికోట చుట్టూ ప్రదక్షిణం, భాగవతంలో ఒక ఘట్టం, ఆపైనే కాఫీ. ఏకాదశినాడు పచ్చి మంచినీళ్ళు ముట్టరు. వీధిలో ఏ పేరంటమైనా, ఏ వ్రతమైనా ఆవిడ వచ్చి కూర్చుంటేనే నిండుదనం.

రెండిళ్ళ అవతల ఒక చిన్న ఇల్లాలు. భర్త ఉద్యోగం దూరదేశంలో. ఎనిమిదేళ్ళ కొడుకు. ఆ పిల్లవాడికి మూర్ఛ. డాక్టరు రోజుకు రెండుపూటలా బిళ్ళలు రాసిచ్చాడు. ఏడాదిన్నరగా ఒక్కసారి కూడా రాలేదు. అంత బాగా ఉన్న రోజుల్లోనే, ఎవరో చెప్పగా ఒక స్వామి ఆ ఇంటికి రావడం మొదలుపెట్టాడు. పిల్లవాడిని చూసి, ఇది రోగం కాదు, గ్రహం అన్నాడు. మండలం రోజులు పూజ చేస్తే మళ్ళీ జన్మలో రాదన్నాడు. అయితే మూడు నియమాలు పెట్టాడు. బిళ్ళలు మానెయ్యాలి, ఎందుకంటే వాటి వేడికి మంత్రం పట్టదు. యంత్రం కింద పెట్టడానికి నాలుగు కాసుల బంగారం కావాలి. పూజ పూర్తయ్యేదాకా భర్తకు చెప్పకూడదు.

ఆ ఇంటి మేడ మీద అద్దెకుండే ఇంజనీరు అబ్బాయికి సంగతి తెలిసింది. మంచివాడే. పరుగున వచ్చి, "ఏమండీ, చదువుకున్నారు, ఇంకా ఈ మూఢనమ్మకాలేమిటండీ? మంత్రాలకు చింతకాయలు రాలతాయా?" అని పెద్ద ఉపన్యాసం ఇచ్చాడు. అతను చెప్పిన ప్రతి అక్షరమూ నిజమే. కాని ఆ పిల్ల మొహం ఎర్రబడింది. తలుపు వేసుకుంది. మర్నాటినుంచి అతనికి కనబడకుండా స్వామిని పెరటిదారిన రప్పించుకుంది.

బిళ్ళలు మాని రెండు రోజులైంది. మూర్ఛ మందు ఉన్నట్టుండి మానేస్తే ఏమవుతుందో డాక్టర్లను అడగండి. ఒకదాని వెనుక ఒకటిగా ఆగకుండా మూర్ఛలు వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. ఆ సంగతి ఆ తల్లికి తెలియదు.

ఆ సాయంత్రం మామ్మగారు వెళ్ళారు. ఉపన్యాసం ఇవ్వలేదు. పీట వాల్చుకు కూర్చుని పిల్లవాడిని ఒళ్ళో వేసుకున్నారు. "ఏమ్మా, అన్నం తింటున్నావా? కళ్ళు పీక్కుపోయాయేమిటి?" అన్నారు. ఆ ఒక్క మాటకు ఆ పిల్ల భోరున ఏడ్చి సంగతంతా చెప్పేసింది. మామ్మగారు స్వామిని ఒక్క మాట అనలేదు. "పూజ మంచిదే తల్లీ. నేనూ చేస్తాను. ముందు డాక్టరుగారికి ఫోను చెయ్యి" అన్నారు. ఆయన ఏం చెప్పారో ఆ ప్రకారం ఆ రాత్రికే బిళ్ళ వేయించి, పొద్దున్నే ఆస్పత్రికి తీసుకువెళ్ళి చూపించారు. సాయంత్రం స్వామి వచ్చేసరికి హాల్లో తానే కూర్చున్నారు.

ఆ సంభాషణ నేను చెవులారా విన్నాను.

"దండాలు నాయనా. బిళ్ళ వేస్తే మంత్రం పనిచేయదన్నావట. నేను డెబ్భై ఏళ్ళుగా స్వామిని కొలుస్తున్నాను. రక్తపోటుకు రోజూ బిళ్ళా వేసుకుంటున్నాను. ఆయనెప్పుడూ నా మీద అలగలేదే! దేవుడికీ మందుబిళ్ళకీ పోటీ ఏమిటి?"

ఆయన ఏదో సంస్కృతం చదివాడు.

"అది విష్ణు సహస్రనామంలో శ్లోకం. దానికీ దీనికీ సంబంధం లేదు. పోనీలే. బంగారం ఎందుకు నాయనా? సత్యభామ నగలన్నీ పోసినా తూగని స్వామి, రుక్మిణమ్మ వేసిన ఒక్క తులసిదళానికి తూగాడు. మా పెరట్లో తులసి బోలెడుంది. ఎంత కావాలి?"

ఆయన మాట్లాడలేదు.

"కన్నతండ్రికి తెలియకుండా చేసే పూజ ఏ శాస్త్రంలో ఉంది? ఇదిగో, ఆ అబ్బాయికి ఇప్పుడే ఫోను కలుపుతున్నాను. నువ్వే చెప్పు."

స్వామికి హఠాత్తుగా ఇంకో ఊళ్ళో పని గుర్తొచ్చింది. శుక్రవారం వస్తానని వెళ్ళాడు. ఎన్ని శుక్రవారాలు గడిచినా మళ్ళీ రాలేదు. మామ్మగారు ఇప్పుడు లేరు. ఆ పిల్లవాడు మాత్రం కాలేజీలో చదువుకుంటున్నాడు.

ఇంజనీరు అబ్బాయి చేయలేని పని మామ్మగారు ఎలా చేయగలిగారు? నేను చాలాసార్లు ఆలోచించాను. అతను, "నీ నమ్మకం తప్పు" అన్నాడు. ఆవిడ, "నీ నమ్మకాన్ని వాడెవడో వాడుకుంటున్నాడు" అని చూపించారు. మొదటి మాటకు మనిషి తలుపు వేసుకుంటుంది, రెండోదానికి తెరుస్తుంది. అదీగాక, భక్తి సంగతి మాట్లాడడానికి ఆవిడకున్న అర్హత ఆ అబ్బాయికి లేదు. పరపతి అంటే డబ్బూ పదవీ అనుకుంటాం. డెబ్భై ఏళ్ళు నిష్ఠగా బతికిన మనిషి మాటకుండేది కూడా పరపతే. అది ఏ ఇంటి పేరంటానికీ కాక, ఇలాంటి రోజుకు పనికి రావాలి.

"అయితే స్వాములు మా ముందే అద్భుతాలు చేశారే, కళ్ళారా చూశామే" అని కొందరంటారు. చూసే ఉంటారు. కాని ఆ అద్భుతాల్లో సగం మన వంటింట్లోనే ఉన్నాయి. పసుపు నీళ్ళలో చిటికెడు సున్నం కలిపితే ఎర్రబడుతుందని మనకంటె బాగా ఎవరికి తెలుసు? దిష్టి తీసే ఎర్రనీళ్ళు అవేగా! ఆ సంగతే గురువుగారు సున్నం రాసుకున్న చేత్తో పసుపు ముద్ద పట్టుకుని, "చూడు, రక్తం" అంటే మాత్రం వణికిపోతాం. మందారపువ్వు రసం కత్తికి పూసి ఆరబెట్టి నిమ్మకాయ కోస్తే, ఆ పులుపుకు ఎర్రటి చుక్కలు రాలతాయి. పొటాషియం పర్మాంగనేటు పొడి మీద గ్లిసరిన్ చుక్కలు పడితే కాసేపటికి దానంతట అదే మండుతుంది. అగ్గిపుల్ల లేకుండా హోమం వెలిగించే మహిమ ఇంతే. ఇది ఇంట్లో చేసి చూసేది కాదు సుమండీ, ప్రమాదం.

నగలకు మెరుగు పెడతామని వచ్చేవాళ్ళది మరో రసాయనం. నైట్రిక్ ఆమ్లం, హైడ్రోక్లోరిక్ ఆమ్లం తగుపాళ్ళలో కలిపితే బంగారాన్ని కూడా కరిగించే ద్రావకం తయారవుతుంది. రసాయన శాస్త్రంలో దాన్ని ద్రవరాజం అంటారు. గొలుసు అందులో ముంచి తీస్తే తళతళలాడుతూ వస్తుంది, తూకంలో మాత్రం తగ్గిపోతుంది. పోయిన బంగారం ఆ నీళ్ళలోనే ఉంటుంది. నీళ్ళు వాడి సంచీలో ఉంటాయి.

అయినా ఈ కిటుకులన్నీ నేర్చుకుంటూ కూర్చోవడం మన వల్ల అయ్యే పని కాదు. రోజుకొకటి పుడుతుంది. అంతకన్నా సులువైన దారి ఒకటుంది. మామ్మగారి ప్రశ్నలు గుర్తుపెట్టుకుంటే చాలు. మోసం ఏ వేషంలో వచ్చినా దానికి నాలుగు కాళ్ళుంటాయి. ఒకటి భయం. నీ బిడ్డకు గండం ఉందంటాడు. రెండు తొందర. అమావాస్య దాటితే లాభం లేదంటాడు. మూడు రహస్యం. ఎవరికీ చెప్పవద్దంటాడు. నాలుగు డబ్బు, లేదా బంగారం. ఈ నాలుగూ ఒకచోట కనబడితే, ఎదుట ఉన్నది కాషాయమైనా సరే, తెల్లకోటైనా సరే, ఖాకీ దుస్తులైనా సరే, అది మోసమే.

ఖాకీ దుస్తులని ఎందుకన్నానంటే, కాలం మారింది. మధ్యాహ్నం గుమ్మం దగ్గరికి వచ్చేవాడు ఇప్పుడు మన చేతిలోని ఫోనులోకే వస్తున్నాడు. "మీ పేరున వచ్చిన పార్సిల్లో మత్తుమందులు దొరికాయి. మిమ్మల్ని డిజిటల్ అరెస్టు చేశాం. గది తలుపులు వేసుకోండి, ఎవరికీ చెప్పకండి, ఈ ఖాతాకు డబ్బు పంపండి" అని వీడియోలో పోలీసు టోపీ పెట్టుకుని గద్దిస్తాడు. లెక్కపెట్టండి. భయం ఉంది, తొందర ఉంది, రహస్యం ఉంది, డబ్బు ఉంది. నాలుగు కాళ్ళూ ఉన్నాయి. మన దేశపు చట్టాల్లో డిజిటల్ అరెస్టు అనేదే లేదు. ఏ పోలీసూ వీడియోలో అరెస్టు చేయడు. దర్శనం టిక్కెట్లు, కొండ మీద గదులు ఇప్పిస్తామని దొంగ వెబ్‌సైట్లు పెట్టేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ ఆట కూడా మన భక్తి మీదే. పొరపాటున డబ్బు పోతే వెంటనే 1930 నంబరుకు ఫోను చెయ్యాలి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బును దారిలోనే ఆపే అవకాశం అంత ఎక్కువ.

చట్టం కూడా మన పక్షాన ఉంది. మంత్రాలతో, తాయెత్తులతో, కవచాలతో రోగాలు నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వకూడదని 1954లోనే పార్లమెంటు ఒక చట్టం చేసింది. ఆ రోగాల జాబితాలో మూర్ఛ ఉంది, కేన్సరు ఉంది, మధుమేహం ఉంది. మోసం చేసి సొమ్ము కాజేయడం ఎప్పటినుంచో నేరమే. పూర్వం దాన్ని 420 అనేవాళ్ళం. 2024 జూలై 1 నుంచి కొత్త న్యాయసంహితలో అది 318వ సెక్షన్ అయింది. నంబరు మారిందేగాని నేరం మారలేదు.

దేవుడి పేరిట జరిగే పెద్ద మోసాలను కూడా ఆడవాళ్ళే ముందు నిలబడి ఆపిన సందర్భాలున్నాయి. పసిపిల్లలను గుడికి అంకితం చేసి, దాన్ని దైవసేవ అని పిలిచే ఆచారం మద్రాసు రాజధాని అంతటా ఉండేది. డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డిగారి తల్లి ఆ కులంలో పుట్టిన మనిషే. ముత్తులక్ష్మిగారు 1927లో శాసనమండలిలో అడుగుపెట్టి ఆ ఆచారం పోవాలని పట్టుబట్టారు. ఇది మతం జోలికి పోవడమని పెద్ద పెద్దవాళ్ళే అడ్డం వచ్చారు. ఆవిడ వెనక్కి తగ్గలేదు. ఇరవై ఏళ్ళు పట్టింది. 1947లో మద్రాసులో చట్టం వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో జోగినీ, బసివి వంటి ఆచారాలను ఆపడానికి 1988లో మరో చట్టం వచ్చింది. వీధిలో మామ్మగారు అడిగిన ప్రశ్నే ఆవిడ శాసనసభలో అడిగారని నాకనిపిస్తుంది. ఏ దేవుడు అడిగాడయ్యా దీన్ని?

చివరగా ఒక మాట. మోసపోయిన ఆడమనిషిని దయచేసి తిట్టకండి. మోసపోయినవాళ్ళలో చాలామంది పోలీసుల దగ్గరికి వెళ్ళరు, భర్తకు కూడా చెప్పరు. ఎందుకు? నగ పోయిందన్న బాధకన్నా, నలుగురూ నవ్వుతారన్న సిగ్గు పెద్దది గనక. ఆ సిగ్గే మోసగాడికి రెండో పెట్టుబడి. మొదటి ఇంట్లో ఆవిడ నోరు మూసుకుంటేనే వాడు రెండో ఇంటి తలుపు తట్టగలడు. కూతురో కోడలో వచ్చి, "ఇలా జరిగిందమ్మా" అంటే, "నీకు బుద్ధిలేదా" అనే మాట నాలుక చివరిదాకా వచ్చినా మింగేయండి. పక్కన కూర్చోండి. అన్నం తిన్నదేమో అడగండి. తరువాత పోలీసుస్టేషనుకు కలిసి వెళ్ళండి.

నమ్మి చెడినవారు లేరని మన పెద్దలు అన్నారు. ఆ సామెతను దొంగస్వాములు కూడా బాగా వాడుకుంటారు. కాని సామెత చెప్పింది దేవుణ్ణి నమ్మడం గురించి. గుమ్మంలో నిలబడ్డ ప్రతివాణ్ణీ నమ్మమని కాదు. ఈ తేడా పిల్లలకు మనం నేర్పకపోతే ఇంకెవరు నేర్పుతారు? దీపం పెట్టడం నేర్పిన చేత్తోనే ఇది కూడా నేర్పుదాం. "దేవుడు భయపెట్టడు, తొందరపెట్టడు, రహస్యం అనడు, లంచం అడగడు" అని సాయంకాలం దీపం దగ్గర ఒక్కసారి చెబితే, వాళ్ళకు జన్మంతా గుర్తుంటుంది.

మీ వీధిలోనూ ఇలాంటి మామ్మగారు ఒకరు ఉండే ఉంటారు. లేకపోతే, ఆ పీట ఖాళీగా ఉందన్నమాట. మీలో ఎవరో ఒకరు కూర్చోండి. ఆవిడ ఎవరిని ఎలా కాపాడారో నాకు రాయండి. పేర్లు అక్కర్లేదు, సంగతి చాలు. మంచి ఉత్తరాలు వస్తే ఈ పేజీలోనే అందరం కలిసి చదువుకుందాం.